పదిహేడో ఇంట్లో ఎవరూ లేరు

మే 19

మునిసిపల్ ఆఫీసు నుంచి కబురొస్తే వెళ్ళాను. నీళ్ళ వాల్వులు తిప్పే పని మానేసి తొమ్మిదేళ్ళయింది. పాత కాగితాలేవో కావాలేమో అనుకున్నాను. అది కాదు. వరద జాగ్రత్తలు చూడటానికి కొత్తగా ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. నన్ను చూసి తను లేచి నాకు కుర్చీ చూపించింది. ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియలేదు.

"ముప్పై ఏళ్ళు ఈ వీధులకి నీళ్ళు వదిలారట బాబాయ్. ఏ ఇంట్లో ఎవరున్నారో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్నారు."

కుర్చీ అంచున కూర్చున్నాను.

పని ఇది. వానలు ముదిరేలోపు నది వైపు వీధుల్లో ఇల్లిల్లూ తిరగాలి. నడవలేనివాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు ఎవరున్నారో రాయాలి. నీళ్ళొస్తే అందరికంటే ముందు వాళ్ళని మోసుకెళ్తారు. అలాంటివాళ్ళున్న ఇంటి తలుపు మీద పసుపు కాగితం అంటించాలి.

"గుమ్మంలో నిలబడి అడిగితే చెప్పరు. సిగ్గుపడతారు. లోపలికి వెళ్ళి కూర్చుని అడగండి," అంది.

నాకు ఒకరింట్లోకి వెళ్ళాలంటే కాళ్ళు తడబడతాయి. అయినా సరేనన్నాను. కాదంటే ఇంకా ఎక్కువ మాట్లాడాలి.

రెండు పుస్తకాలిచ్చింది. ఒకటి జాబితాకి. రెండోది తప్పు పోతే వాడుకోమని. ఆ రెండోదే ఇది. అయిదో తరగతి వదిలేశాక ఇంత తెల్ల కాగితం నా చేతిలోకి రాలేదు.

మే 20

అక్కకి అన్నం తినిపించి, బట్ట మార్చి, పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి, తాళం వేసి బయల్దేరాను.

"ఏం పని రా?" అంది.

"ఆఫీసు పని."

"నా గురించి ఎవరైనా అడిగారా?"

"లేదక్కా."

అక్టోబరులో పడిపోయినప్పటి నుంచి కుడి వైపు చచ్చుబడిపోయింది. మాట నెమ్మదిగా వస్తుంది. గొంతు వెనక గది దాటి రాదు. తల మాత్రం ఇప్పటికీ స్కూలు నడిపిన తలే. నిన్న నా చొక్కా గుండీ తప్పు పెట్టుకుంటే మంచం మీద నుంచే చూసి చెప్పింది.

మే 23

ఇవాళ మా వీధి. ఎదురింటి టైలరమ్మ మిషను ఆపకుండానే మాట్లాడింది.

"మా ఇంట్లో కదల్లేనిది ఈ మిషనొక్కటే బాబాయ్. రాసుకో. నలుగురు మోయాలి."

నవ్వాను. నవ్వొచ్చిందో లేదో తెలియదు.

"పెద్ద టీచరుగారు ఎలా ఉన్నారు? మీ మేనకోడలు బాగా చూసుకుంటోందా?"

"బాగానే ఉంది."

"ఆ ఊళ్ళో ఫోన్లుండవా? ఒక్కసారి మాట్లాడించు బాబాయ్. ఆవిడ తిట్లు వినక చెవులు దురద పెడుతున్నాయి."

"అలాగే."

పదహారు నంబరులో ఇద్దరు, ఇద్దరూ నడుస్తారు. పద్దెనిమిది ఇస్త్రీ అతను, భార్య, ఇద్దరు పిల్లలు. మధ్యలో మాది. గుమ్మం ముందు నిలబడ్డాను. అన్ని గుమ్మాల ముందూ నిలబడ్డట్టే. తాళం వేసి ఉంది.

పదిహేడు. నడవలేనివారు: ఎవరూ లేరు.

నలుగురూ వచ్చి చూడటం అక్కకి ఇష్టం లేదు. అక్కకే ఇష్టం లేదు.

మే 24

అక్కకి ఇష్టం లేదు కాబట్టే అలా రాశాను.

మే 30

పుస్తకం ఇచ్చేశాను. తొంభై రెండు ఇళ్ళు, ఏడుగురు. ఇంజనీరమ్మ ఒక్కో పేజీ తిప్పి చూసింది. నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయంది. అక్క నేర్పినవే. నేను స్కూలు మానేశాక కూడా రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని రాయించేది.

"మిగతా వార్డుల్లో నేనే పదేసి ఇళ్ళు తిరిగి సరిచూసుకున్నాను బాబాయ్. మీ పుస్తకానికి ఆ అవసరం లేదు. నది వైపు జాబితా నూటికి నూరు పాళ్ళూ పూర్తయిందని పైకి రాసేస్తున్నాను."

కింద సంతకం పెట్టింది. నేను చూస్తూ ఉన్నాను.

జూన్ 11

ఇవాళ జరిగింది రాయకూడదనుకున్నాను.

నీళ్ళొస్తే ఎలా మోయాలో సాధన. ఆఫీసు నుంచి ఒక కుర్చీ తెచ్చారు. రెండు వైపులా పొడుగు కర్రలు, నడుముకి కట్టడానికి పట్టీ. మోసేవాళ్ళు నలుగురు. వాళ్ళలో మా పక్కింటి ఇస్త్రీ అతనొకడు. వీధంతా బయటికొచ్చింది. కూర్చునేవాళ్ళే లేరు. జాబితాలోని ఏడుగురిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. వార్డు కౌన్సిలరు తానే కూర్చుంటానన్నాడు గానీ, ఆయన్ని చూసి మోసేవాళ్ళు నలుగురూ ఒకేసారి దగ్గారు.

టైలరమ్మ అంది, "నీళ్ళ బాబాయిని కూర్చోబెట్టండి. బరువూ ఉండడు, నోరూ ఉండదు."

వద్దు అనేలోపు పట్టీ కట్టేశారు.

వీధి పొడుగునా మోశారు. పిల్లలు వెనకాల పరిగెత్తారు. "చెయ్యి ఊపు బాబాయ్, ఓట్లడుగుతున్నట్టు!" అన్నాడు ఇస్త్రీ అతను. ఊపాను. ఊపకపోతే ఇంకా అంటారు.

భుజాలు మార్చుకోవడానికి దించారు. సరిగ్గా మా మెట్టు మీద.

"ఇల్లొచ్చింది, దిగుతావా? లేక మేనకోడలి ఊరి దాకా మోసి మీ అక్కగారికి అప్పజెప్పమంటావా?"

అందరూ నవ్వారు. అప్పుడు లోపల గ్లాసు కింద పడింది. స్టీలు గ్లాసు. దొర్లి దొర్లి ఆగింది.

"ఎలుకలు," అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

మధ్యాహ్నం అక్క అడిగింది, ఏమిట్రా ఆ నవ్వులని. కుర్చీ సంగతి చెప్పాను.

"ఎవరిని మోశారు?"

"నన్ను."

"నిన్నా! నీకేం రోగం?" అని, ఒక వైపే వచ్చే నవ్వుతో కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. నవ్వు ఆగాక, "అలాంటి కుర్చీ ఉంటే ఒకసారి నది దాకా వెళ్ళి రావచ్చు," అంది.

నవ్వులాటకి అంది.

గ్లాసెలా పడిందని అడిగాను. "నేనే తోశాను. ఎవరైనా వస్తారేమోనని."

జూన్ 12

మంచం పక్కన గ్లాసు పెట్టలేదు. మధ్యాహ్నం వచ్చేసరికి అక్క పెదాలు ఎండి ఉన్నాయి.

జూన్ 13

గ్లాసు పెట్టాను. ప్లాస్టిక్ గ్లాసు.

జూలై 2

కాలవల్లో పూడిక తీస్తున్నారు. స్కూల్లో నాలుగు గదులు ఖాళీ చేసి చాపలు, నీళ్ళ డబ్బాలు సర్దారు. ఇస్త్రీ అతని గోడ మీద ఎర్రగీత గీశారు, కిందటిసారి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని. "ఇక ఆ గీత పైనున్న బట్టలే ఇస్త్రీ చేస్తాను," అంటున్నాడు.

ఇంజనీరమ్మ దారిలో కనబడి ఆగింది. "జాబితాలో మార్పులేమైనా ఉంటే శుక్రవారంలోపు చెప్పండి బాబాయ్. మనుషుల ఆరోగ్యం కదా, మారుతుంటుంది."

జూలై 5

శుక్రవారం. ఆఫీసుకి వెళ్ళాను. 'మా ఇంట్లో ఒకరున్నారమ్మా' అని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. గది బయట నిలబడ్డాను. లోపల ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను. వాళ్ళు వెళ్ళేసరికి ఇంకొకరొచ్చారు. అటెండరు, "ఏం పెద్దాయనా, ఎవరికోసం?" అన్నాడు.

"ఎవరికోసం కాదు," అని వచ్చేశాను.

జూలై 20

వాన. ఇల్లు కదల్లేదు. ఒకసారి మొదటి నుంచి రాయాలనిపించింది.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో తలుపు తీసే ఉండేది. నవంబరులో స్కూలు నుంచి ఇద్దరు టీచర్లు చూడటానికి వచ్చారు. వాళ్ళున్నప్పుడే పక్క తడిసింది. తడే కాదు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వెంటనే తీసేసింది గానీ, నేను చూశాను. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఇక ఎవరినీ రానివ్వకూడదని ఆ రోజే అనుకున్నాను. వారం తర్వాత టైలరమ్మ వీధిలో అడిగితే, మేనకోడలు తీసుకెళ్ళిందన్నాను. నోటికి అదే వచ్చింది. అన్నాక, అది నిజంలాగే ఉంచాల్సి వచ్చింది. తాళం వేశాను. బట్టలు వెనక సందులో ఆరేశాను. అక్క ఎవరైనా అడిగారా అంటే లేదన్నాను. అడిగారంటే రమ్మంటుంది కదా.

అంతా అక్క కోసమే.

ఆగస్టు 2

అయిదు రోజులుగా వాన విడవలేదు. నది రంగు మారింది.

ఆగస్టు 5

స్కూల్లో ఉన్నాను. ఆరో తరగతి గది, గోడవారన. ఈ పుస్తకం జాబితాతో పాటు ప్లాస్టిక్ సంచిలో ఉండబట్టి తడవలేదు. అన్నీ రాస్తాను.

నిన్న పొద్దున పదింటికి మైకు ఆటో వచ్చింది. ఎగువన గేట్లెత్తారు, మూడింటికల్లా ఇళ్ళు ఖాళీ చేయాలని. ఇంజనీరమ్మ నన్ను వీధి మొగలో నిలబెట్టి పుస్తకం చేతికిచ్చింది. నేను ఇంటి నంబరు చెప్పడం, వాళ్ళు కుర్చీ తీసుకెళ్ళి మనిషిని తేవడం, లారీ ఎక్కించడం, నేను టిక్కు పెట్టడం. జూన్‌లో సాధన చేసినట్టే. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. ఒకటింటికి ఏడుగురూ అయిపోయారు.

ఇంజనీరమ్మ కళ్ళద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఇంకెవరూ లేరుగా బాబాయ్?"

"లేరమ్మా."

పుస్తకంలో రాసింది వేరు. ఇది నోటితో అన్నాను.

"అయితే కుర్చీ పక్క వార్డుకి పంపుతున్నాను. అక్కడ పదకొండు మందున్నారు."

కుర్చీని ఆటో మీద కట్టారు. నోరు తెరిచాను. వాన నోట్లో పడింది. మూసుకున్నాను. ఆటో వెళ్ళిపోయింది.

నేనే మోయగలననుకున్నాను. అది కూడా రాయాలి. వెనక సందులోంచి స్కూలు దాకా, ఎవరూ చూడకుండా. అక్కడికెళ్ళాక చూస్తే చూస్తారు, ఊరి నుంచి ఇప్పుడే వచ్చిందని చెప్పొచ్చు. ఇంటికి వెళ్తూ ఆ మాటే సర్దుకుంటున్నాను.

అక్కని లేపి కూర్చోబెట్టి వీపు మీదకి ఎత్తుకున్నాను. ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుంది. రెండడుగులు వేశాను. మూడోది వంటగది గడప. కాలు జారి ఇద్దరం వెనక్కి పడ్డాం. నేను పైన, అక్క కింద. అక్క ఎడమ చెయ్యి కింద ఉండిపోయింది. పనిచేసే చెయ్యి. చప్పుడు నాకు వినబడింది.

అక్క అరవలేదు. ఊపిరి తీసుకుని, "ఎవరినైనా పిలువు," అంది.

"ఎవరూ లేరక్కా. అందరూ వెళ్ళిపోయారు."

"మైకు వినిపిస్తోంది కదరా."

స్నానాలగది తూములోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. అక్కని గోడకి ఆనించి కూర్చోబెట్టాను. మళ్ళీ ఎత్తబోయాను. కదల్లేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. కూర్చున్న మనిషికి అది నడుము దాకా. నా ముఖమే చూస్తోంది. బయటికి వచ్చాను.

మొగలో ఆఖరి లారీ. టైలరమ్మని, ఇంకొందరిని ముందు లారీలోనే పంపేశారు. దీంట్లో మోసేవాళ్ళు ముగ్గురు, డ్రైవరు ఉన్నారు. ఇస్త్రీ అతను వెనక నుంచి చెయ్యి చాపాడు.

"ఎక్కడికి పోయావు బాబాయ్! నీకోసమే ఆపాం. రా, పట్టుకో."

నేను పట్టుకోలేదు.

"నీళ్ళు వదిలినవాడివి, నీళ్ళకి భయమా? రా!"

వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూశాను.

"ఏం మరిచిపోయావు? పెట్టెనా? పోనీలే, ప్రాణం కంటే ఎక్కువా!"

"అక్క," అన్నాను.

"ఏ అక్క?"

"మా అక్క. ఇంట్లో ఉంది."

అతను మిగతావాళ్ళ వైపు చూశాడు. ముసలాడికి మతి పోయిందనుకుని ఉంటారు. నా ముఖంలో ఏం కనబడిందో, అతను దూకేశాడు.

పరిగెత్తి గుమ్మం దాకా వెళ్ళారు. తలుపుకి తాళం వేసి ఉంది.

నేనే వేశాను. బయటికి వస్తూ వేశాను. నీళ్ళలో అక్కని కూర్చోబెట్టి, మనిషి కోసం వస్తూ, తలుపు దగ్గరకి లాగి, తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని కూడా వచ్చాను. తొమ్మిది నెలలుగా చేస్తున్నట్టే.

ఇస్త్రీ అతను తాళాన్ని చూశాడు. "లోపల మనిషిని పెట్టి తాళం వేశావా?"

"అలవాటు," అన్నాను.

తాళంచెవి రెండుసార్లు నీళ్ళలో జారింది. ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అక్క పొట్ట దాకా నీళ్ళలో ఉంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది, ఎవరిదో వస్తువులా. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ చూసింది. "నువ్వా! నా చీర అంచు కాల్చినవాడివి," అంది.

"నేనేనండీ టీచరుగారూ," అన్నాడు ఇస్త్రీ అతను.

కుర్చీ లేదు. పక్క వార్డుకి వెళ్ళింది. దుప్పటి నాలుగు మూలలా పట్టుకుని మోశారు. నాలుగో మూల నాది. అడుగుకోసారి నా మూల కిందకి దిగింది. దిగినప్పుడల్లా చెయ్యి కదిలి అక్క పళ్ళు బిగించింది. "మూటలా ఉన్నానురా," అంది వాళ్ళతో. వాళ్ళు నవ్వడానికి ప్రయత్నించారు.

డాక్టరు మణికట్టు విరిగిందన్నాడు. కట్టు కట్టాడు. ఆరు వారాలు.

ఆగస్టు 6

టైలరమ్మ పక్క గదిలో ఉంది. పొద్దున్నే చూసి, చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వచ్చింది.

"పెద్ద టీచరుగారూ! మేనకోడలి ఊరి నుంచి ఎప్పుడొచ్చారండీ? ఇంత వానల్లోనా రావడం?"

అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఇస్త్రీ అతను గుమ్మం దగ్గర తువ్వాలు పిండుతున్నాడు. నీళ్ళేమీ రావడం లేదు, అయినా పిండుతూనే ఉన్నాడు.

"మొన్ననే," అంది అక్క. "వీడు చెప్పలేదా?"

"చెప్పడమా! ఎప్పుడడిగినా 'బాగానే ఉంది', అంతే. వారం వారం అడుగుతున్నానండీ. ఉత్తరమైనా రాస్తాను, చిరునామా ఇవ్వమన్నాను. అదీ ఇవ్వలేదు."

"వారం వారం అడిగావా?"

"అడగనా మరి? మీరు లేక వీధి చప్పగా ఉంది."

అక్క కాసేపు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత, "వాడికి మాట్లాడటం రాదులే, చిన్నప్పటి నుంచీ అంతే," అంది.

నన్ను కాపాడింది. వీధిలో నా పరువు అక్క నోట్లో ఉంది. ఒక్క మాటతో ఊసేయొచ్చు. ఊసేయలేదు.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆగస్టు 7

మాట్లాడలేదు. ముద్ద పెడితే తింటోంది.

జూలైలో రాసింది చదివాను. అక్క సిగ్గుతో చచ్చిపోయింది అని రాశాను. అది అబద్ధం. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, అయినా అబద్ధం రాశాను. ఆ రోజు అక్క నవ్వింది. "వయసొచ్చాక మీకూ తప్పదులే, అప్పుడు నేనొస్తాను చూడటానికి," అంది ఆ టీచర్లతో. వాళ్ళూ నవ్వారు. మళ్ళీ వస్తామన్నారు. వెళ్తుంటే, "వచ్చే ఆదివారం రండి," అని పిలిచింది కూడా.

ఎవరూ రావద్దని అక్క ఒక్కరోజూ అనలేదు. సిగ్గుపడ్డది నేను. నా చేతులతో చేసే పని వాళ్ళు చూస్తారని. ఆ గదీ, ఆ వాసనా నావని.

ఆగస్టు 9

ఇంజనీరమ్మ వచ్చింది. నిద్ర లేక ముఖం పీక్కుపోయి ఉంది. నన్ను మెట్ల దగ్గరకి పిలిచింది. చేతిలో జాబితా పుస్తకం, పదిహేడో నంబరు పేజీ తీసి ఉంది.

"ఇది మీ ఇల్లే కదా బాబాయ్?"

"అవునమ్మా."

"ఎందుకు?"

నా దగ్గర జవాబు ఉంది. మొన్నటి పేజీలో రాశాను. నోట్లోకి రాలేదు. ఆవిడ చాలాసేపు ఆగింది. నా కోసం అంతసేపు ఎవరూ ఆగరు.

"ఒక మనిషి జాబితాలో లేదని, చెయ్యి విరిగిందని పైకి రాశాను. తప్పు నాదని రాశాను."

"నాదమ్మా."

"రాత మీది. సంతకం నాది. సరిచూడనిది మీ పుస్తకం ఒక్కటే." పుస్తకం మూసింది. "ఇప్పుడు అన్ని వీధులూ మళ్ళీ తిరగాలి. ఇలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో. కుర్చీలు, చాపలు, లారీలు, అన్నీ లెక్క వేశాను బాబాయ్. ఇది లెక్కలోకి రాలేదు నాకు."

ఒక్క పరుషమైన మాట లేదు. వెళ్తూ, "అక్కగారికి మందులు అందుతున్నాయా?" అని అడిగింది.

ఆగస్టు 14

ఇల్లు చేరాం. గోడలకి మోకాలెత్తు బురద. రోజంతా కడిగాను. ఇస్త్రీ అతను వచ్చి మంచం ఎత్తించాడు. నాతో పని మాటలే మాట్లాడాడు. నన్ను బాబాయ్ అనలేదు.

ఆగస్టు 17

మధ్యాహ్నం అక్క పిలిచింది. పదకొండు రోజుల తర్వాత.

"స్టూలు తెచ్చుకుని ఇక్కడ కూర్చో."

కూర్చున్నాను.

"ఎవరెవరు అడిగారో చెప్పు. ఒక్కరినీ వదలకుండా."

చెప్పాను. టైలరమ్మ, వారం వారం. ఇస్త్రీ అతని భార్య, నాలుగైదు సార్లు. పాలు పోసే అతను. స్కూలు అటెండరు రెండుసార్లు, తన కూతురికి నర్సు ఉద్యోగం వచ్చిందని టీచరుగారికి చెప్పమన్నాడు.

"వచ్చిందా! ఎప్పుడు?"

"జనవరిలో."

"ఊఁ. ఇంకా?"

"మూల ఇంటి ముసలాయన."

"వాడా? వాడికీ నాకూ పదేళ్ళుగా మాటల్లేవు!"

"పోట్లాడే మనిషి లేక తోచడం లేదన్నాడు."

అక్క పెదవి ఒక పక్క కదిలింది. కొంచెం ధైర్యం వచ్చింది నాకు. మందుల షాపతను, పోస్ట్‌మాను, ఎవరో పాత స్టూడెంటు. అందరినీ చెప్పాను. ఒక్కొక్కరూ ఏమన్నారో కూడా చెప్పాను. నేను జీవితంలో ఒకేసారి అంత మాట్లాడలేదు. అక్క వింటూ ఒక్కో పేరుకీ తల ఊపుతోంది. అయిపోయిందన్నాను.

"లెక్కల టీచరు?"

ముప్పై ఒక్క సంవత్సరాలు ఇద్దరూ ఒకే టిఫిను డబ్బా తిన్నారు. మాట పడని రోజుల్లో కూడా చెరో వైపు తిరిగి కూర్చుని అదే డబ్బా తినేవాళ్ళని స్కూలంతా చెప్పుకునేది.

"అడిగింది," అన్నాను.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. ఇంటికొచ్చింది. మూడోసారి కర్ర పట్టుకుని వచ్చింది."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

అక్క లెక్క వేసుకుంటున్నట్టు పైకి చూసింది. "అయితే నేను విన్నది ఆ గొంతే. ఎవర్రా వచ్చిందంటే, పక్క వీధికి దారి అడిగారన్నావు."

"అన్నాను."

"నేను ఈ మంచం మీదే ఉన్నాను."

"ఉన్నావు."

"దానితో ఏమన్నావు?"

"ఊళ్ళో లేవన్నాను."

వీధిలో ఎవరో బురద గీకుతున్నారు.

"వెళ్ళి పిలుచుకురా. నడవలేకపోతే ఆ కుర్చీ అడిగి తీసుకురా. నీళ్ళు తగ్గాయి కదా, ఇప్పుడిస్తారు. ఏమన్నా అంటే నేను పంపానని చెప్పు."

నేను లేవలేదు.

"వెళ్ళరా. ఇంకా దేనికి సిగ్గు?"

"మార్చిలో పోయిందక్కా."

ఇంకేం చెప్పలేదు. చెప్పడానికి చాలా ఉంది. నేను వెళ్ళాను ఆ రోజు. జనం వెనకాల గోడ పక్కన నిలబడ్డాను. మీ అక్కకి కబురు పెట్టావా, వస్తోందా అని ఆవిడ కొడుకు అడిగితే, ప్రయాణం చేసే స్థితిలో లేదట అన్నాను. అదీ చెప్పాలి. రేపు చెప్పాలి.

అక్క ఏడవలేదు. చాలాసేపు నన్నే చూసింది. కుడి వైపు ఎప్పుడూ కదలదు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. తనంతట తాను ఒత్తిగిలలేదు.

"నన్ను అటు తిప్పు," అంది. "నీ ముఖం కనబడకుండా."

భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, విరిగిన చెయ్యి నలగకుండా, గోడ వైపు తిప్పాను. వీపు వెనక దిండు పెట్టాను.